అర కిలో ఉల్లిపాయలు

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయలకు కరువేమిటి! కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలకు లారీలు దిగుతుంటాయి. గూడెంలో ధర ఎంత పలికిందో కనుక్కున్నాకే చుట్టుపక్కల ఊళ్ళ చిల్లర కొట్లవాళ్ళు తక్కెడ పట్టుకుంటారు. ఆ మార్కెట్లో నడుస్తుంటే చెప్పుల కింద ఉల్లిపొట్టు కరకరలాడుతుంది. ఆ ఘాటు ముక్కుకు తగిలేంత దూరంలోనే పెరిగిన కుర్రాడొకడు, పద్దెనిమిదేళ్ళు నిండి పిల్లల హోం నుంచి బయటికొచ్చి, ఇంకో ఇద్దరితో కలిసి గది అద్దెకు తీసుకున్నాడు. మొదటి రోజు వంటకి అర కిలో ఉల్లిపాయలు తెస్తానని బయల్దేరి తిన్నగా హోల్‌సేల్ కొట్టుకి వెళ్ళాడు. "ఎన్ని బస్తాలు?" అన్నాడట గుమాస్తా, తలెత్తకుండానే. వీడు కాసేపు ఆలోచించి, "ఒకటి చాలండీ" అన్నాడట.

ఈ ముచ్చట నాకు చెప్పింది వాణ్ణి పెంచినావిడే. హోంలో పిల్లలంతా ఆవిణ్ణి పెద్దమ్మా అంటారు. పడీపడీ నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "వాడికి లెక్కల్లో తొంభై పైన వచ్చాయండీ" అన్నారు. బస్తాలో సగం కుళ్ళిపోయిందట. తక్కిన సగం వీధిలో ఇంటింటికీ తిరిగి పంచిపెట్టారట. ఇరుగుపొరుగుతో పరిచయం ఆ వంకన అయింది గనక పూర్తిగా నష్టమని చెప్పలేం. కానీ వాడు బస్తా కొన్నది లెక్క తెలియక కాదు. "అయ్యో, నాకు అర కిలోనే కావాలి, చిల్లర కొట్టు ఎటండీ?" అని ఎదుటి మనిషిని అడగొచ్చని తెలియక.

మామూలు ఇంట్లో ఈ చదువుకి పాఠాలుండవు. "ఒరేయ్, ఈ యాభై పట్టుకెళ్ళి పావుకిలో చింతపండు పట్రా. గింజలుంటే తీసుకోకు. మిగిలిన చిల్లర లెక్కెట్టుకో. దార్లో ఆడుతూ కూచోకు." ఏడేళ్ళవాడికి ఇంతే చెబుతారు. వాడు ఆ మాటలు దారంతా గొణుక్కుంటూ వెళ్ళాలి. కొట్లో పెద్దవాళ్ళ మోచేతుల మధ్యలోంచి తల దూర్చి, "బాబాయ్, నాకు, నాకు" అని అరవాలి. గింజల చింతపండు కడుతుంటే అడ్డుపడాలి. చిల్లర తక్కువొస్తే నిలబడాలి. ఇవేవీ చెయ్యకుండా వస్తే ఇంట్లో చీవాట్లు, మళ్ళీ తిప్పి పంపడం. అట్లా ఏళ్ళ తరబడి పుచ్చు వంకాయలూ, విరిగిపోయిన పాలూ, తగ్గిన చిల్లరా మోసుకొచ్చి, చీవాట్లు తిని, ఎప్పటికో మనిషవుతాడు. ఎప్పుడయ్యాడో ఎవరూ చూడరు.

హోంలో పురమాయించేవాళ్ళుండరు, పురమాయించే పనే పడదు. బియ్యం క్వింటాళ్ళ లెక్కన దిగుతాయి. పప్పూ ఉప్పూ ఇండెంటు రాస్తే వస్తాయి. సబ్బు నెల మొదట్లో స్టోరు గది కిటికీలోంచి చేతికొస్తుంది. బట్టలు పండక్కి ఎవరో దాత ఒకే తానులోంచి కుట్టించి పంపిస్తారు. ఎవరిదో పుట్టినరోజైతే బిర్యానీ పొట్లాలొస్తాయి, పిల్లలు వరసగా కూచుని పాట పాడి తీసుకుంటారు. తీసుకోవడంలో వాళ్ళకున్నంత తర్ఫీదు మన పిల్లలకి ఉండదు. ఎంచుకోవడం, వద్దనడం, బేరమాడటం, రేపటికి దాచుకోవడం మాత్రం వాళ్ళ దాకా రానే రావు. ఇది ఎవరి దుర్మార్గమూ కాదు. వందమందికి అన్నం పెట్టాలంటే ఇండెంటే దారి. వందమందిలో ఒకణ్ణి చింతపండుకి పంపిస్తే రోడ్డు మీద ఏదైనా అయితే జవాబెవరు చెబుతారన్న భయం ఒకటి. ప్రేమా భయమూ రెండూ కలిసి ఆ గేటుకి తాళం వేస్తాయి.

ఆ గేటు లోపల ఉన్నవాళ్ళంతా తల్లీ తండ్రీ లేనివాళ్ళనుకుంటే పొరపాటు. మన ప్రాంతంలో మరీను. అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్ళిన పిల్లలుంటారు. గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ విమానం ఎక్కిన ఆడవాళ్ళ కథ ఇక్కడ ప్రతి ఊళ్ళోనూ తెలిసిందే. అమ్మమ్మ చూసుకున్నన్నాళ్ళు చూసుకుంటుంది, తర్వాత హోం. చేపల చెరువు గట్టు మీద పాకలో కాపలా ఉండే కుటుంబాల పిల్లలుంటారు, ఆ గట్టు నుంచి బడికి దారి ఉండదు. కొల్లేటి లంకల నుంచి వచ్చినవాళ్ళుంటారు. కొల్లేరుని 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో అభయారణ్యం హద్దైన ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. పక్షులకీ నీళ్ళకీ అది మంచిదే. ఆ గట్ల మీద కూలి చేసుకునేవాళ్ళు మాత్రం పని వెతుక్కుంటూ తలో దిక్కూ పోయారు. పోతూ పోతూ పిల్లల్ని ఎక్కడో ఒకచోట దిగబెట్టాలి కదా.

లంకల పిల్లల సంగతి కొంచెం ఆగి చెప్పాలి. పెద్దమ్మ దగ్గరికి వచ్చిన ఒక పిల్లాడికి అప్పటికి తొమ్మిదో పదో ఏళ్ళు. అక్షరం ముక్క సరిగా రాదు. రిజిస్టర్లో 'వెనకబడిన' అని రాశారు. ఒకసారి ఎవరో దాత పండక్కి చేపలు పంపించారు, అన్నీ కొర్రమేనులే, బకెట్లో ఇంకా ప్రాణంతో కొట్టుకుంటున్నాయి. వంటమనిషి ఒకదాన్ని పట్టుకోబోతే చేతిలోంచి జారి గట్టు కింద పడింది. ఇంకొకటి పట్టుకుంటే అదీ అంతే. ఆవిడ విసుక్కుంటుంటే ఈ పిల్లాడు పొయ్యి దగ్గర్నుంచి గుప్పెడు బూడిద తెచ్చి, చేప మీద చల్లి, మెడ కింద బొటనవేలు నొక్కి పట్టాడు. అది కదల్లేదు. రాతి మీద వేసి తోక వైపు నుంచి తల వైపుకి బూడిదతో ఒక్క రుద్దు రుద్దితే జిగురూ పొలుసూ కలిసి ఊడొచ్చాయి. వంటమనిషి నోరు తెరుచుకుని నిలబడింది. కత్తి మాత్రం ఇవ్వలేదు. "వద్దమ్మా, సార్ చూస్తే నన్ను తిడతారు" అని పిల్లాణ్ణి హాల్లోకి పంపేసింది.

ఆ పిల్లాడికి దోనె మీద నిలబడి గెడ వెయ్యడం వచ్చు. మావుల్లో పడ్డ చేపని ముల్లు గుచ్చుకోకుండా తియ్యడం వచ్చు. గుర్రపుడెక్క ఎక్కడ దట్టంగా ఉంటే దోనె చిక్కుకుంటుందో, ఏ పాము నీళ్ళది, ఏది కాదో వాడికి తెలుసు. రేపేం కూర అన్నది ఇవాళ వలలో ఏం పడిందన్నదాన్ని బట్టి ఉంటుందని తెలుసు. అంటే చేతిలో ఉన్నదాంతో సర్దుకుని వండుకోవడం తెలుసు. హోంలో ఉన్న ఎనిమిదేళ్ళలో వాడు చక్కగా చదవడం నేర్చాడు, అది చిన్న విషయం కాదు. అయితే ఆ ఎనిమిదేళ్ళలో వాడి చేత్తో ఒక్క చేపా కోయనివ్వలేదు, ఒక్కపూట పొయ్యి వెలిగించనివ్వలేదు. బయటికొచ్చేనాటికి, "కూర ఎట్లా చేస్తార్రా?" అంటే దిక్కులు చూశాడు. ఆ తర్వాత వాడిలాంటివాళ్ళ కోసమే జీవన నైపుణ్యాల శిక్షణ అని రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టారు. ఉన్నదాన్ని మరిపించి, లేదని రాసి, మళ్ళీ నేర్పడానికి బడ్జెట్ వెతకడం!

జీవన నైపుణ్యాల చార్టు మీరూ చూసే ఉంటారు. 1990ల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పది నైపుణ్యాలు చెప్పింది. నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించడం, కొత్తగా ఆలోచించడం, తరచి ఆలోచించడం, చక్కగా మాట్లాడటం, నలుగురితో మెలగడం, తన్ను తాను తెలుసుకోవడం, ఎదుటివాడి బాధ ఎరగడం, ఉద్వేగాల్ని తట్టుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం. జాబితాలో తప్పు పట్టడానికేం లేదు. ఒక హాల్లో గోడకి ఆ చార్టు అంటించి ఉంది, 'నిర్ణయం తీసుకోవడం' అన్నది మొదటి వరసలోనే. దాని పక్కనే వారం మెనూ అంటించి ఉంది, సోమవారం నుంచి ఆదివారం దాకా, పైన కార్యదర్శి సంతకంతో. ఆ రెండు కాగితాలూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఎట్లా నవ్వాపుకుంటున్నాయో!

చట్టం చదివితే మాత్రం ఈ విషయంలో మనకంటే చట్టమే తెలివైందనిపిస్తుంది. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 53వ సెక్షన్‌లో హోంలు ఇవ్వాల్సిన సేవల్లో తిండీ బట్టా వైద్యంతోపాటు జీవన నైపుణ్యాల చదువునూ చేర్చింది. ప్రతి పిల్లకీ పిల్లాడికీ విడిగా ఒక సంరక్షణ ప్రణాళిక రాయమంది. 46వ సెక్షన్ పద్దెనిమిది దాటి బయటికొచ్చేవాళ్ళకి ఆసరా గురించి చెబుతుంది; నియమాల ప్రకారం అది ఇరవై ఒకటి దాకా, అవసరమైతే ఇరవై మూడు దాకా. మిషన్ వాత్సల్య పథకంలో నెలకి 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటూ ఉంది. హోంలో పిల్లలే కమిటీలుగా కూచుని నెల నెలా మాట్లాడుకోవాలని 2016 నమూనా నియమాలు చెబుతాయి. ఆ కమిటీ మినిట్స్ పుస్తకాలు తిరగేస్తే చాలాచోట్ల ఒకే దస్తూరీ కనిపిస్తుంది. ఆ దస్తూరీ వయసు మాత్రం పద్నాలుగేళ్ళు అనిపించదు.

కుటుంబం లాంటి ఇల్లు అన్న ఆలోచన మనకి కొత్తది కాదు, బయటివాళ్ళకీ కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రియాలోని ఇమ్స్ట్ అనే ఊళ్ళో హెర్మన్ గ్మైనర్ 1949లో ఎస్ఓఎస్ పిల్లల ఊరు మొదలుపెట్టాడు. అప్పటిదాకా అనాథాశ్రమం అంటే పెద్ద హాలు, వరసగా మంచాలు, గంట కొడితే భోజనం. ఆయన దాన్ని విడగొట్టి, ఒక్కో ఇల్లు, ఆ ఇంటికో తల్లి, పెద్దా చిన్నా కలిసిన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ, ఇళ్ళన్నీ కలిస్తే ఒక ఊరు అన్నాడు. 1964లో ఆ పద్ధతి మనదేశానికొచ్చింది. మన హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ అలాంటి ఊళ్ళున్నాయి. ఇటు ఆగిరిపల్లి దగ్గర తోటపల్లిలో డాక్టర్ కోనేరు సత్యప్రసాద్ స్థాపించిన హీల్ సంస్థ పిల్లల ఊరు ఉంది. గ్మైనర్ ఆలోచనలో అందరూ తల్లి ప్రేమ గురించే మాట్లాడతారు. నాకు అంతకంటే నచ్చింది ఇంకోటి. ఇంటికో వంటిల్లు! ఒక ఇంటికి ఇన్ని డబ్బులు, ఆ తల్లే ఖర్చు పెట్టుకోవాలి. డబ్బు లెక్క ఇంటి బల్ల మీదికి వచ్చినప్పుడే 'ఈ నెల ఆపిల్సా, క్రికెట్ బ్యాటా' అన్న తగువు పుడుతుంది. ఇంట్లో ఆ తగువు పుట్టాలి. పిల్లలు దాన్ని వినాలి, అందులో దూరాలి, ఓడిపోవాలి కూడా.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తోసెయ్యడానికి లేదు. పిల్లల చేతికి చీపురో గరిటో ఇవ్వగానే మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది, 'విద్యార్థులతో వెట్టి' అని. చాలాసార్లు ఆ వార్త నిజమే. వంటమనిషి జీతం మిగుల్చుకోవడానికి అమ్మాయిల చేత వందమందికి అన్నం వండించిన హాస్టళ్ళున్నాయి. మరుగుదొడ్లు కడిగించినవి ఉన్నాయి. ఆడపిల్లల హోం అయితే వంటా కుట్టూ పచ్చళ్ళూ, మగపిల్లల హోం అయితే క్యారమ్ బోర్డూ. ఈ తేడా చూసి ఎవరికీ ఒళ్ళు మండకపోవడం ఇంకో విడ్డూరం. అందుకని ఎక్కడ గీత గియ్యాలి? పెద్దమ్మకి దీని మీద తడుముకునే పని లేదు. "వాడి కంచం వాడు కడుక్కుంటే పని. నా కంచం వాడు కడిగితే వెట్టి. నేనూ వాడూ పక్కపక్కన కూచుని అందరివీ కడిగితే సంసారం" అన్నారు. దానికి నేను ఒకటి చేరుస్తాను. ఆ పని తప్పుగా చేసే హక్కు పిల్లాడికి ఉందా లేదా చూడాలి. వెట్టిలో తప్పు చేస్తే దెబ్బలు. ఇంట్లో తప్పు చేస్తే మాడిన కూరే అందరూ తింటారు, వారం రోజులు వెక్కిరిస్తారు.

తప్పుల ధర వయసుతో పాటు పెరుగుతుంది కూడా. పదమూడేళ్ళప్పుడు చేతి ఖర్చుకిచ్చిన యాభై రూపాయలూ ఒకేరోజు మిరపకాయ బజ్జీలకి తగలేస్తే నెలంతా మిగతావాళ్ళు తింటుంటే చూస్తూ కూచోవాలి, అంతే నష్టం. అదే పాఠం పందొమ్మిదేళ్ళప్పుడు నేర్చుకోవాలంటే నేర్పడానికి ఫోన్లో లోన్ యాప్‌లు కాచుకుని ఉన్నాయి.

డబ్బూ వంటా బస్సూ బ్యాంకూ ఎట్లాగో నేర్చుకోవచ్చు. నేర్పడానికి పాఠం దొరకనివి వేరే ఉన్నాయి. ఏలూరులో ఒక అమ్మాయి నర్సింగ్ అయ్యాక ఉద్యోగంలో చేరి, పవర్‌పేటలో ఒక వాటా చూడ్డానికి వెళ్ళింది. ఇల్లుగలావిడ మంచిదే. మంచినీళ్ళిచ్చి కూచోబెట్టి, "ఏ ఊరమ్మా మీది? నాన్నగారేం చేస్తారు? మీరేవిట్లు?" అని మూడు ప్రశ్నలు అడిగింది. మన వైపు ఇల్లు అద్దెకివ్వడానికి ముందు వాతావరణం గురించి మాట్లాడినంత మామూలుగా అడుగుతారు వీటిని. ఆ అమ్మాయికి ఇంజెక్షన్ ఇవ్వడం వచ్చు, బీపీ చూడ్డం వచ్చు, ఆ మూడిటికీ జవాబు రాదు. అబద్ధం చెబుదామంటే మాట పెగల్లేదు, నిజం చెబితే వాటా పోతుందని భయం. లేచి వచ్చేసింది. తర్వాత పెద్దమ్మే తోడెళ్ళారు. "ఏ ఊరంటే మన హోం ఉన్న ఊరు చెప్పు. నాన్నగారు లేరని చెప్పు. మూడోదానికి, 'అద్దె ప్రతి నెలా ఒకటో తారీకున ఇస్తానండీ' అని చెప్పు. అడిగిన ప్రశ్నకి అడిగిన జవాబే చెప్పాలని ఎక్కడా రాసిలేదు" అన్నారు. ఇంకో ఇంట్లో అదే జవాబు పనిచేసింది. అన్నిచోట్లా పనిచేస్తుందని నేననుకోను. మన ఊళ్ళు మార్చుకోవాల్సినదాన్ని ఆ పిల్ల నేర్పుగా దాటేసింది, అంతే.

చుట్టరికం మర్యాదలూ అలాంటివే. తోటి ఉద్యోగి పెళ్ళికి పిలిస్తే చదివింపులు ఎంత రాయించాలి? నూటపదహారా, ఐదువందల పదహారా? ఎవరింటికైనా వెళ్తే ఒట్టి చేతుల్తో వెళ్ళొచ్చా? భోజనానికి ఉండమంటే ఎన్నిసార్లు వద్దనాలి, ఎన్నోసారి సరే అనాలి? ఎవరైనా పోతే వెళ్ళి ఏం మాట్లాడాలి, వచ్చేటప్పుడు 'వెళ్ళొస్తాను' అనకూడదని ఎవరు చెప్పారు మనకి? అమ్మ కొంగు పట్టుకుని వెళ్ళిన పెళ్ళిళ్ళల్లో, పరామర్శల్లో చూసి నేర్చుకున్నాం. హోం పిల్లలకి మనుషులు వస్తారు గానీ వాళ్ళు మనుషుల ఇళ్ళకి వెళ్ళరు. ఎప్పుడూ అతిథుల్ని చూసినవాళ్ళే, ఎన్నడూ అతిథిగా వెళ్ళనివాళ్ళు. సంక్రాంతికి గోదావరి జిల్లాలన్నీ అల్లుళ్ళతో కోడిపందేలతో కిటకిటలాడుతుంటే హాస్టలు పిల్లల్లో సగంమంది ఎవరో ఒకరి ఊరెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళు ఖాళీ హాల్లో టీవీ చూస్తారు. కేకులు కోయించే దాతలు ఏడాదికి రెండుసార్లు ఇద్దరు పిల్లల్ని తమ ఇంటికి పండక్కి తీసుకెళ్ళి, పిండివంటలకి బెల్లం తరిగించి, ముగ్గు వేయించి, చుట్టాల్లో తిప్పితే ఆ బిర్యానీ పొట్లాల కంటే ఎక్కువ పని జరుగుతుంది. దానికి బాలల సంక్షేమ కమిటీ అనుమతి కావాలి, కాగితాలుంటాయి, పిల్లల భద్రత కోసం ఆ జాగ్రత్త ఉండాల్సిందే. కాగితాల పని దాతలు చేసుకోలేరా?

పెద్దమ్మ ఈ మధ్య వారానికొక పూట ఇండెంటు మానేసి, ఆదివారం కూర డబ్బులు పిల్లల కమిటీ చేతికే ఇస్తున్నారు. హోం యాజమాన్యం ఒప్పుకోవడానికి చాన్నాళ్ళు పట్టింది. రసీదులు కావాలి కదా, రైతుబజార్లో వంకాయలకి రసీదెవరిస్తారు? చివరికి ఒక నోటుపుస్తకంలో పిల్లలే రాసి, ఇద్దరు సంతకం పెట్టేట్టు కుదిరింది. నేను వెళ్ళినప్పుడు ఆ కమిటీ కూచుని ఉంది. చికెన్ అని సగంమంది, చేపలని సగంమంది. చేపల పక్షానికి లంకల పిల్లాడొకడు నాయకుడు, నేను ముందు చెప్పినవాడు కాదు, కొత్తగా వచ్చినవాడు. కొర్రమేనే కావాలంటాడు. లెక్కలు రాస్తున్న పిల్ల పెన్ను చెవిలో దోపుకుని, "కొర్రమేను కిలో ఎంతో తెలుసా నీకు? ఈ డబ్బులకి తల కూడా రాదు. శీలావతి తీసుకుందాం" అంది. "శీలావతిలో ముళ్ళుంటాయి, చిన్నోళ్ళెట్లా తింటారు?" అని వాడు. "ముళ్ళు నువ్వే తీసి పెట్టు" అని ఆ పిల్ల. ఇంతలో చికెన్ పక్షం వాళ్ళు పోయిన వారం మిగిలిన నలభై రూపాయలు ఎక్కడ రాశారో చూపించమని నోటుపుస్తకం లాక్కున్నారు.